ఉక్కు బీమ్ కింద పార్టిషన్: ఆరంతస్తుల భవనంలో అగ్ని రక్షణపై ఒక కేస్ స్టడీ

ఇక్కడ వివరిస్తున్న భవనం ఆరంతస్తులది. బీములు, కాలమ్‌లు ఉక్కువి. వాటిపై ముడతల డెక్ షీటు పరిచి కాంక్రీటు స్లాబు పోశారు. లోపలి గోడలన్నీ జిప్సం బోర్డు పార్టిషన్లే. కారిడార్లలోనూ ఆఫీసు హాళ్లలోనూ ఫాల్స్ సీలింగ్ ఉంది. డిజైన్ నివేదిక ప్రకారం ఉక్కు ఫ్రేముకు 120 నిమిషాలు, రికార్డు గదికీ విద్యుత్ ప్యానెల్ గదులకూ చుట్టూ ఉన్న గోడలకు 120 నిమిషాలు, జనం బయటపడే కారిడార్ల గోడలకూ సీలింగుకూ 60 నిమిషాలు అగ్ని నిరోధం ఉండాలి. భవనం అప్పగింతకు ముందు యజమాని తరఫున ఈ ఏర్పాట్లను తనిఖీ చేసి నివేదిక ఇవ్వడం నా బాధ్యత.

ఫైలులో కాగితాలకు కొరత లేదు. బోర్డుకు పరీక్షా నివేదిక ఉంది, పెయింటుకు ఉంది, సీలెంటుకు ఉంది, సీలింగుకు ఉంది. వాటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అయినా గ్రౌండ్ ఫ్లోర్‌లో 120 నిమిషాల గోడ అని డ్రాయింగులో గీసిన గీత పొడవునా, ఆ మాటను నమ్మి సంతకం పెట్టగల భాగం చాలా తక్కువగా తేలింది. నిమిషాల రేటింగ్ బోర్డుకు రాదు, పెయింటుకూ రాదు. కొలిమి ముందు ఏ కూర్పును నిలబెట్టి కాల్చారో, అదే మందం, అదే స్టడ్ (బోర్డులను మోసే నిలువు లోహపు కమ్మీ), అదే స్క్రూ దూరం, అదే ఎత్తు, అదే అంచు బిగింపు ఉన్న కూర్పుకే వస్తుంది. ఈ భవనంలో ఒక్కో వస్తువునూ దాని పరీక్షకు తగ్గట్టే కొన్నారు. ఒక వస్తువు మరో వస్తువును తాకే చోట ఏమి జరుగుతుందో మాత్రం ఏ పరీక్షా చూడలేదు, ఏ డ్రాయింగూ చూపలేదు.

పరీక్ష ఏమి అడుగుతుంది

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 834లోని ప్రామాణిక వేడి వక్రరేఖను అనుసరించి కొలిమి వేడి 30 నిమిషాలకు 842, 60 నిమిషాలకు 945, 120 నిమిషాలకు 1049 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. బరువు మోయని గోడ రెండు షరతులు నెరవేర్చాలి. మంట గానీ వేడి వాయువులు గానీ అవతలికి దాటకూడదు. అవతలి ముఖంపై వేడి, మొదట ఉన్నదానికన్నా సగటున 140 డిగ్రీలకు మించి, ఏ ఒక్క బిందువు వద్దనైనా 180 డిగ్రీలకు మించి పెరగకూడదు. బీమ్‌కు, కాలమ్‌కు అడిగేది వేరు: వాటిపై ఉన్న బరువును అవి చివరిదాకా మోయాలి. ఈ రెండు రకాల షరతుల మధ్య ఉన్న తేడాయే ఈ కేసులోని ప్రధాన లోపానికి మూలం కనుక దాన్ని ముందే చెబుతున్నాను.

జిప్సం బోర్డు మంటను ఆపేది ప్రధానంగా తనలోని నీటితో. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్ డైహైడ్రేట్. దాని బరువులో దాదాపు 21 శాతం రసాయనికంగా బంధించి ఉన్న నీరే. 12.5 మి.మీ. మందం ఉన్న ఫైర్ బోర్డు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు తూగుతుంది కాబట్టి, ప్రతి చదరపు మీటరులోనూ దాదాపు 2 కిలోల నీరు ఉన్నట్టే. ఆ నీరు విడుదలై ఆవిరయ్యేంత వరకూ బోర్డు వెనుక వేడి 100 డిగ్రీల దరిదాపుల్లో నిలిచిపోతుంది. నీరంతా పోయాక మిగిలేది కుంచించుకుపోయే, పగుళ్లు వారే పొడి పదార్థం. ఆ దశలో బోర్డు రాలిపోకుండా పట్టి ఉంచేవి లోపల కలిపిన గాజు నారలు, సరైన దూరంలో పడిన స్క్రూలు, టేపు వేసి పూడ్చిన జాయింట్లు. రెండు పొరల గోడలో కింది పొర జాయింట్ల మీద పై పొర జాయింట్లు పడకూడదన్న నియమం కూడా ఇందుకే. ఈ భవనంలో బోర్డు పని వరకూ చక్కగానే ఉంది. జాయింట్లు ఎడం చేశారు, స్క్రూ తలలు కాగితాన్ని చీల్చకుండా కూర్చున్నాయి, కింది పొరకు కూడా జాయింట్ కాంపౌండ్ పెట్టారు. ఆ పనివాళ్ల చేతిలో శ్రద్ధ ఉంది.

బీమ్‌కు ట్రాక్ బిగించిన చోట

రికార్డు గది గోడ 6 మీటర్ల పొడవున్న ఐపీఈ 300 బీమ్ (300 మి.మీ. లోతున్న, ఐ అక్షరం ఆకారపు ఉక్కు సెక్షన్) కిందుగా, దాని గీతలోనే సాగుతుంది. గోడలో 70 మి.మీ. స్టడ్‌లు, ఇరువైపులా రెండేసి 12.5 మి.మీ. ఫైర్ బోర్డులు, మధ్యలో రాక్ వూల్ (రాతి నారల దూది) ఉన్నాయి. బీమ్‌కు ఇన్‌ట్యుమెసెంట్ పెయింట్ వేశారు. పెయింట్ ఆరిన తరువాత వచ్చిన పార్టిషన్ బృందం గోడ పై ట్రాక్‌ను (స్టడ్‌ల పైకొసలు కూర్చునే లోహపు గాడిని) బీమ్ కింది ఫ్లాంజ్‌కు (ఐ ఆకారంలోని అడ్డ పలకకు) నేరుగా, పెయింట్ మీదుగానే, మేకులతో కొట్టేసింది. బోర్డులు ఫ్లాంజ్ దాకా వెళ్లి ఆగాయి. మిగిలిన సన్నని సందును సీలెంట్‌తో పూడ్చారు. కిందనుంచి చూస్తే నున్నగా, లోటు లేకుండా కనిపిస్తుంది.

ఇందులో మొదటి సమస్య పెయింట్‌ది. ఇన్‌ట్యుమెసెంట్ పెయింట్ సుమారు 200 నుంచి 250 డిగ్రీల వద్ద పనిచేయడం మొదలుపెడుతుంది. అందులోని అమ్మోనియం పాలీఫాస్ఫేట్ ఆమ్లాన్ని ఇస్తుంది, పెంటాఎరిత్రిటాల్ బొగ్గుగా మారుతుంది, మెలమైన్ వాయువును వదులుతుంది. మెత్తబడిన పూత ఆ వాయువుతో ఉబ్బి, అసలు మందానికి ఎన్నో రెట్లు పెరిగి, నురగలాంటి బొగ్గు పొరగా ఉక్కును కప్పుతుంది. ఉబ్బడానికి ఖాళీ లేకపోతే ఆ పూత ఉత్త పెయింటే. ట్రాక్ కింద నలిగిన 70 మి.మీ. పట్టీలో ఉబ్బడానికి ఏ ఖాళీ లేదు. ట్రాక్‌కు ఇరుపక్కలా బోర్డు అంచులు దాదాపు ఆనుకుని ఉండటంతో అక్కడ కూడా నురగకు చోటు చాలదు. ఉబ్బితే బోర్డు అంచును నెట్టి సీలెంట్‌ను విడగొట్టే అవకాశం ఉంది.

రెండవ సమస్య ఇంతకన్నా పెద్దది, కంటికి ఇంతకన్నా తక్కువ కనిపించేది. గోడ బీమ్ కింది అంచు దగ్గర ఆగిపోయింది కాబట్టి, అక్కడినుంచి స్లాబు దాకా ఉన్న 300 మి.మీ. ఎత్తులో రెండు గదుల్ని వేరు చేస్తున్నది బీమ్ వెబ్ (రెండు ఫ్లాంజ్‌లను కలిపే నిలువు పలక) ఒక్కటే. పెయింట్ మందాన్ని లెక్కించింది ఉక్కు 550 డిగ్రీలు దాటకుండా చూడటానికి. బరువు మోయడానికి అది సరిపోతుంది. కానీ గోడకు అడిగే షరతు ప్రకారం అవతలి ముఖం సగటున 140 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. తన పరీక్షలో నూటికి నూరు మార్కులతో నెగ్గిన బీమ్ కూడా, అవతలి గదివైపు వందల డిగ్రీల వేడి వెబ్‌ను చూపిస్తుంది. ఆ గదిలో వెబ్‌కు చేరువగా కేబుళ్లు, సీలింగ్ పైన చేరే కాగితం పెట్టెలు, ఏవి ఉన్నా అంటుకోవడానికి అంత వేడి చాలు. కాంట్రాక్టర్ ఇంజనీరు ఈ విషయంలో చివరిదాకా పెయింట్ నివేదికనే చూపించారు. ఆ నివేదికలో తప్పు లేదు, అది జవాబిచ్చిన ప్రశ్న వేరు.

మూడవది బీమ్ పైన. డెక్ షీటు ముడతలు బీమ్‌కు అడ్డంగా సాగుతాయి. పై ఫ్లాంజ్‌కూ షీటుకూ మధ్య ముడత ముడతకూ ఒక ఖాళీ సొరంగం మిగులుతుంది. నిచ్చెన ఎక్కి టార్చి వేసి చూస్తే రికార్డు గదిలోని వెలుగు పక్క హాలులోకి కనిపించింది. పొగకూ అదే దారి.

నాలుగవది కదలిక. వేడెక్కిన బీమ్ కిందికి వంగుతుంది. బీమ్‌ల అగ్ని పరీక్షలో విఫలమైనట్టు ప్రకటించే హద్దుల్లో ఒకటి వంపు పరిమాణం: విస్తారపు (రెండు ఆధారాల మధ్య దూరపు) వర్గాన్ని బీమ్ లోతుకు 400 రెట్లతో భాగిస్తే వచ్చేది. 6 మీటర్ల విస్తారం, 300 మి.మీ. లోతు ఉన్న బీమ్‌కు అది 300 మి.మీ. అంటే బీమ్ అంతవరకూ వంగినా పరీక్ష దృష్టిలో నిలిచినట్టే. దాని కింద గట్టిగా బిగించి ఉన్న పార్టిషన్‌లో స్టడ్‌కూ పై ట్రాక్‌కూ మధ్య వదిలిన ఖాళీ వేలి మందం కన్నా తక్కువ. బీమ్ తన పని తాను చేసుకుంటూనే గోడను నలిపేస్తుంది.

ఈ నాలుగింటికీ కలిపి ఒకే పరిష్కారం కావాలి, విడివిడిగా అతుకులు వేస్తే లాభం లేదని నేను రాశాను. నిర్మాణ ఇంజనీరుతో కూర్చుని ఖరారు చేసిన పద్ధతి ఇది. గోడ గీతలో ఉన్న బీమ్‌లకు పెయింట్‌ను లెక్కలోంచి పూర్తిగా తీసేశాం. ట్రాక్ విప్పించి, ఫ్లాంజ్‌ల మధ్య రాక్ వూల్ నింపి, బీమ్‌ను మూడు వైపులా ఫైర్ బోర్డు పెట్టెతో కప్పించాం. మందాన్ని బోర్డు తయారీదారు పట్టికలోంచి ఉక్కు 550 డిగ్రీలకు కాకుండా 400 డిగ్రీలకు పరిమితమయ్యేలా ఎంచుకున్నాం. యూరోకోడ్ (యూరప్ నిర్మాణ డిజైన్ ప్రమాణం) ప్రకారం ఉక్కు యీల్డ్ బలం (లొంగిపోకుండా తట్టుకునే ఒత్తిడి) 400 డిగ్రీల దాకా తగ్గదు, 500 వద్ద 78 శాతానికి, 600 వద్ద 47 శాతానికి, 700 వద్ద 23 శాతానికి పడిపోతుంది. 400 దగ్గర ఆపితే బీమ్ వంపు కూడా అదుపులో ఉంటుంది. పెట్టెకు ఒక మేలు ఇంకా ఉంది. సెక్షన్ ఫ్యాక్టర్ అంటే వేడి సోకే చుట్టుకొలతను ఉక్కు అడ్డుకోత వైశాల్యంతో భాగించగా వచ్చే సంఖ్య. ఐపీఈ 300కు మూడు వైపులా పెయింట్ అయితే అది మీటరుకు 188, అదే పెట్టె అయితే 139. అంటే అదే ఉక్కుకు వేడి చేరే దారి కొంత ఇరుకవుతుంది.

పెట్టె పక్క బోర్డుల పొరలను గోడ పొరల సంఖ్యకు తగ్గకుండా పెట్టించాం. అవతలి ముఖపు వేడి షరతు బీమ్ ఎత్తులో కూడా నెరవేరాలి కదా. డెక్ ముడతల్లో ఒక్కో సొరంగానికి రాక్ వూల్ ముక్కను అదిమి కూరి, ఇరువైపులా సీలెంట్ పూయించాం. పెట్టె అడుగున, బోర్డు గుండా ఫ్లాంజ్‌కు బిగిసే స్క్రూలతో, కొత్త పై ట్రాక్ పెట్టి 50 మి.మీ. కదలికకు డిఫ్లెక్షన్ హెడ్ కట్టించాం: ట్రాక్ లోపల బోర్డు పట్టీల దొంతర, దాని మీద లోతైన అంచుల ట్రాక్, స్టడ్‌లు అందులోకి జొరబడి నిలుస్తాయి గానీ దానికి స్క్రూ పడదు, గోడ బోర్డులు కూడా స్టడ్‌కే బిగిస్తాయి. మొదటి గోడకు ఈ పని చేస్తున్నప్పుడు ఒక పనివాడు అలవాటు కొద్దీ పై వరుస స్క్రూలను ట్రాక్‌లోకి దించబోయాడు. అలా ఒక్క వరుస దించినా కదలిక అంతా పోతుంది. ఆ తరువాత ప్రతి గోడ మీదా స్క్రూ పడకూడని పట్టీని ఎర్ర మార్కర్‌తో గీయించి, ఆ గీతతోనే ఫొటో తీయించి ఫైలులో పెట్టించాను.

5.2 మీటర్ల గోడ

అదే గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడల ఎత్తు 5.2 మీటర్లు. పరీక్షా కొలిములు సాధారణంగా 3 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు గోడలను కాలుస్తాయి. యూరోపియన్ పద్ధతిలో, పరీక్షలో గోడ వంపు నిర్ణీత హద్దులో ఉంటే, ఆ ఫలితాన్ని 4 మీటర్ల దాకా వాడుకోవచ్చు. 5.2 మీటర్లకు అదే స్టడ్‌తో ఆ నివేదిక వర్తించదు.

ఇది కేవలం కాగితపు అభ్యంతరం అనుకునేవారికి చిన్న లెక్క చూపించాను. మంటవైపు ఉన్న స్టడ్ అంచు వేడెక్కి సాగుతుంది, అవతలి అంచు చల్లగా ఉంటుంది, దానివల్ల గోడ మంటవైపు విల్లులా వంగుతుంది. ఆ వంపు ఎత్తు వర్గానికి అనులోమంగా, స్టడ్ లోతుకు విలోమంగా ఉంటుంది. రెండు అంచుల మధ్య 300 డిగ్రీల తేడా ఉందనుకుంటే, 70 మి.మీ. స్టడ్‌కు 3 మీటర్ల ఎత్తులో వంపు సుమారు 58 మి.మీ., 4 మీటర్లలో 103, 5.2 మీటర్లలో 174. అసలు గోడలో బోర్డుల బిగువు, స్క్రూల పట్టు ఈ అంకెలను మారుస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ వంపు పెరిగే తీరును మాత్రం అవి మార్చలేవు. నీరు పోయి పెళుసుబారిన బోర్డు 174 మి.మీ. వంపు మీద జాయింట్లు విడకుండా నిలుస్తుందని నేను చెప్పలేను. 150 మి.మీ. లోతున్న స్టడ్ వాడితే అదే 5.2 మీటర్లకు లెక్క 81 మి.మీ.కు దిగుతుంది. తయారీదారు దగ్గర ఆ స్టడ్‌కు ఎత్తు విస్తరణ నివేదిక ఉన్నందున ఆ గోడలను విప్పించి తిరిగి కట్టించాం. డిఫ్లెక్షన్ హెడ్ ఎలాగూ మార్చవలసి ఉన్నందున రెండు పనులూ ఒకేసారి సాగాయి.

ఒకేలా కనిపించే రెండు కాలమ్‌లు

పై రెండు అంతస్తుల్లో కాలమ్‌లు డిజైన్ ప్రకారం హెచ్ఈబీ 200 (హెచ్ అక్షరం ఆకారపు ఉక్కు సెక్షన్). సరఫరా సమయంలో, పై అంతస్తుల్లో బరువు తక్కువే కదా అని, వాటిలో కొన్నిటిని హెచ్ఈఏ 200గా మార్చారు. మామూలు వేడిలో బలం లెక్క చూసి నిర్మాణ ఇంజనీరు ఆమోదించారు కూడా. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. వెడల్పు రెండింటికీ 200 మి.మీ., లోతులో 10 మి.మీ. తేడా. కానీ మీటరు బరువు ఒకదానికి 61.3 కిలోలు, రెండవదానికి 42.3 కిలోలు. నాలుగు వైపులా వేడి సోకితే హెచ్ఈబీ 200 సెక్షన్ ఫ్యాక్టర్ మీటరుకు 147, హెచ్ఈఏ 200ది 211. పలుచని ఉక్కు త్వరగా వేడెక్కుతుంది, దానికి పెయింట్ మందం ఎక్కువ కావాలి. పెయింటర్ చేతిలో ఉన్న పట్టికలో మాత్రం 200 కాలమ్‌లన్నిటికీ ఒకే మందం రాసి ఉంది.

దెబ్బ ఒక్కటితో ఆగలేదు. అదే బరువును తక్కువ ఉక్కు మోస్తున్నప్పుడు అది తన శక్తిలో ఎక్కువ భాగాన్ని వాడుకుంటుంది, అందువల్ల తక్కువ వేడికే లొంగుతుంది. బక్లింగ్ (బరువుకు పక్కకు వంగి లొంగడం) ప్రభావం లేని సాధారణ సందర్భంలో యూరోకోడ్ సూత్రం ప్రకారం, వినియోగం 60 శాతం అయితే క్రిటికల్ ఉష్ణోగ్రత (ఉక్కు లొంగిపోయే వేడి) 554 డిగ్రీలు, 70 శాతం అయితే 526. కాలమ్‌లలో బక్లింగ్ కారణంగా ఇది ఇంకా దిగువకు పోవచ్చు. కాబట్టి సెక్షన్ మార్చిన ప్రతిసారీ బలం లెక్కతో పాటు అగ్ని లెక్క కూడా మళ్లీ చేయాలి. ఇక్కడ ఆ కాగితం పెయింట్ ఉపకాంట్రాక్టర్ దాకా వెళ్లనే లేదు.

మందం కొలతల రికార్డు చూసినప్పుడు మరొకటి బయటపడింది. అయస్కాంత గేజి ఉక్కు మీద ఉన్న మొత్తం పూతను కొలుస్తుంది. ఈ రికార్డులోని కొలతలు టాప్ కోట్ వేసిన తరువాత తీసినవి. ప్రైమర్ మందాన్నీ టాప్ కోట్ మందాన్నీ తీసివేయకుండా మొత్తాన్నీ ఇన్‌ట్యుమెసెంట్ మందంగా రాసుకున్నారు. కొన్ని కాలమ్‌ల మీద చిన్న చతురస్రాలు గీకించి పొరలను విడిగా కొలిపిస్తే, ఫ్లాంజ్ ముఖాల మీద మందం సరిపోయింది గానీ వెబ్‌కూ ఫ్లాంజ్‌కూ మధ్య లోపలి మూలల్లో తక్కువగా ఉంది. సగటు చూస్తే ఇది కనిపించదు. టాప్ కోట్ మీద మళ్లీ ఇన్‌ట్యుమెసెంట్ వేయడానికి తయారీదారు ఒప్పుకోరు; పూర్తిగా గీకి తిరిగి వేయడం నివాసయోగ్యంగా తయారైన అంతస్తుల్లో కష్టం. కాలమ్‌లు మూలల్లో ఉన్నందున హెచ్ఈఏ 200లన్నిటికీ బోర్డు పెట్టె కట్టించడమే తేలికని తేలింది. పెట్టెతో వాటి సెక్షన్ ఫ్యాక్టర్ 145కు వచ్చింది.

సీలింగ్ మీద పెట్టుకున్న నమ్మకం

ఆఫీసు హాళ్లలో ఐపీఈ 200 ఉపబీమ్‌లకు రక్షణ ఏదీ లేదు. కాంట్రాక్టర్ రెండు కారణాలు చూపించారు. మొదటిది, కింద ఉన్న ఫాల్స్ సీలింగ్‌కు 60 నిమిషాల నివేదిక ఉంది. రెండవది, ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో 1990లలో ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనాన్ని కాల్చి చూసిన పరీక్షల్లో రక్షణ లేని ఉపబీమ్‌లు ఉన్నా స్లాబులు కూలలేదు.

సీలింగ్ నివేదిక సీలింగ్ ఒక్కదాన్నే అడ్డుగోడలా చూసి ఇచ్చినది. పైన ఉన్న బీమ్ ఎంత వేడెక్కుతుందో అందులో కొలవలేదు. బీమ్‌ను కాపాడే పొరగా సీలింగ్‌ను లెక్కించాలంటే దానికి వేరే పరీక్ష ఉంది. సీలింగ్‌కూ స్లాబుకూ మధ్య ఖాళీ ఎత్తు, పైన ఉన్న బీమ్ రకం, హ్యాంగర్ల అమరిక అన్నీ ఆ పరీక్షకు సరిపోవాలి. పైగా ఈ నివేదిక 60 నిమిషాలది, ఫ్రేముకు కావలసింది 120. హాళ్లలోని సీలింగ్ పలకలను ఎవరైనా చేత్తో ఎత్తి తీయవచ్చు, లైట్లకూ గాలి గ్రిల్లులకూ కోసిన రంధ్రాలకు కవర్లు లేవు. కేబుళ్లన్నీ ఆ ఖాళీలోనే ఉన్నాయి కాబట్టి మంట పైనే పుడితే సీలింగ్ వల్ల బీమ్‌కు ఒరిగేదేమీ లేదు.

కార్డింగ్టన్ వాదనను నేను గౌరవంగానే తీసుకున్నాను. ఉక్కు భవనాల అగ్ని డిజైన్‌ను మార్చిన ప్రయోగాలు అవి. కానీ అక్కడ స్లాబు నిలిచింది పెద్దగా కుంగి, లోపలి కమ్మీల జాలిమీద వేలాడుతూ. దానిని నమ్ముకోవాలంటే జాలి పరిమాణం, అతుకులు, చుట్టూ ఉన్న బీమ్‌ల రక్షణ అన్నీ ఆ పద్ధతిలో లెక్క కట్టాలి. ఈ భవనానికి అలాంటి లెక్క ఎవరూ చేయలేదు. వందల మిల్లీమీటర్లు కుంగే స్లాబు కింద 60 నిమిషాల కారిడార్ గోడలు ఉన్నాయన్న సంగతి కూడా మరువకూడదు. అవే ప్రయోగాల్లో ఒకదానిలో కాలమ్‌లకు సీలింగ్ ఎత్తు దాకానే రక్షణ కట్టి, బీమ్ కలిసే పై భాగాన్ని వదిలేశారు. ఆ వదిలేసిన భాగం వేడికి మెత్తబడి దాదాపు 180 మి.మీ. కుదించుకుపోయింది. ఈ విషయం నాకు ఈ కేసులో వెంటనే పనికొచ్చింది. కింది అంతస్తుల్లో హెచ్ఈబీ 300 కాలమ్‌లకు కట్టిన బోర్డు పెట్టెలు కూడా సీలింగ్ దాటి చేతి వెడల్పు పైకి వెళ్లి ఆగిపోయాయి. బీమ్ కనెక్షన్ ప్లేట్లు, బోల్టులు, కాలమ్ తల బోసిగా ఉన్నాయి. కింద నిలబడి చూసేవారికి అది ఎన్నటికీ కనిపించదు. భవనం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన లోపం ఇదే, ఎందుకంటే కాలమ్ ఒక్కటి కుదించుకుపోతే దాని మీద ఉన్న అంతస్తులన్నీ దానితోపాటు దిగుతాయి.

ఉపబీమ్‌లకూ కాలమ్ తలలకూ వెర్మిక్యులైట్ (తేలికైన, వేడిని తట్టుకునే ఖనిజం) జిప్సం స్ప్రే కొట్టించాం. కంటికి కనబడని చోట అందం అక్కరలేదు, బోల్టుల చుట్టూ వంకరలన్నిటినీ అది కప్పుతుంది. ఐపీఈ 200కు మూడు వైపుల సెక్షన్ ఫ్యాక్టర్ మీటరుకు 234. మందాన్ని ఆ అంకె మీదే తీసుకున్నాం. స్ప్రేకు ముందు ఉక్కు మీది నూనె, దుమ్ము తుడిపించడం, ఉన్న ప్రైమర్‌కు స్ప్రే అంటుకుంటుందో లేదో పట్టు పరీక్ష చేయించడం తప్పనిసరి చేశాను. స్ప్రే అయ్యాక బీమ్‌లకు క్లాంపులు బిగించి పైపులు వేలాడదీసే అలవాటును ఆపడానికి, హ్యాంగర్లన్నీ ముందే పెట్టించి ఆ తరువాతే స్ప్రే మొదలుపెట్టించాం.

కారిడార్ సీలింగ్ సంగతి వేరు. అది నిజంగానే 60 నిమిషాల అడ్డు కావాలి, కిందనుంచీ పైనుంచీ. అక్కడ రెండు పొరల బోర్డు సీలింగ్ బాగానే ఉంది గానీ, ఒక ఎయిర్ డక్ట్‌నూ ఒక కేబుల్ ట్రేనూ సీలింగ్ హ్యాంగర్లకే తగిలించారు. వేడెక్కిన రాడ్డు మోయగల బరువు చాలా తక్కువ. జర్మన్ ప్రమాణం డిన్ 4102-4 ప్రకారం 60 నిమిషాల దాకా ఉక్కు హ్యాంగర్‌లో ఒత్తిడి చదరపు మి.మీ.కు 9 న్యూటన్లకు మించకూడదు. ఎం6 (6 మి.మీ. వ్యాసపు) థ్రెడెడ్ రాడ్డుకు అది సుమారు 18 కిలోలు. సీలింగ్ బరువుకే అది దాదాపు సరిపోతుంది. డక్ట్‌కూ ట్రేకూ స్లాబు నుంచి విడిగా హ్యాంగర్లు వేయించాం. డౌన్‌లైట్లకు పరీక్షించిన కవర్లు పెట్టించి, మామూలు యాక్సెస్ ప్యానెళ్లను రేటింగ్ ఉన్నవాటితో మార్పించాం. ఒకచోట కారిడార్ గోడ సీలింగ్ ఎత్తుకే ఆగిపోయి, పైన ఖాళీ హాలులోకి తెరుచుకుని ఉంది. దానిని స్లాబు దాకా లేపించాం.

గోడల గుండా పోయే పైపులు, కేబుళ్ల సంగతి ఎక్కువగా చెప్పనక్కరలేదు. ప్రతి భవనంలో ఉండే లోపాలే ఇక్కడా ఉన్నాయి. కేబుళ్ల చుట్టూ మామూలు ఫోమ్ నింపారు, ప్లాస్టిక్ పైపులకు కాలర్ (పైపు కరిగితే ఉబ్బి రంధ్రాన్ని మూసే పట్టీ) గోడకు ఒక వైపే బిగించారు, సాకెట్ పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి మధ్యలో రాక్ వూల్‌ను తోసేశాయి. కాలర్లను రెండు వైపులా పెట్టించి, సాకెట్లను వేరే స్టడ్ ఖాళీల్లోకి జరిపించి, ప్రతి రంధ్రానికీ నంబరు, ఫొటో, వాడిన పదార్థం రాసిన చీటీ అంటించాం.

అప్పగింత షరతులు

ఈ లోపాలన్నిటి వెనుకా పని వరుస ఉంది. పెయింట్ బృందం వెళ్లాక పార్టిషన్ బృందం, ఆ తరువాత విద్యుత్, గాలి బృందాలు, చివరగా సీలింగ్ బృందం వచ్చాయి. ఎవరి ఒప్పందంలో చూసినా బీమ్‌కూ గోడకూ మధ్య ఉన్న సందు ప్రస్తావనే లేదు. అందువల్ల మిగిలిన అంతస్తుల్లో పని మొదలుపెట్టే ముందు ప్రతి అగ్ని గోడకూ పొడవునా ఒక నిలువు కోత డ్రాయింగు గీయించాను. స్లాబు, డెక్ ముడత, బీమ్, దాని రక్షణ, డిఫ్లెక్షన్ హెడ్, గోడ, సీలింగ్ అన్నీ అందులో ఒకే బొమ్మలో ఉంటాయి, ప్రతి పొర పక్కనా దాన్ని చేయవలసిన బృందం పేరు ఉంటుంది. పై పొర వేసేముందు కింది పొరను తనిఖీ చేసి సంతకం పెట్టాలి. బోర్డు మూసేశాక ఎవరూ లోపలికి చూడలేరు కాబట్టి ఆ సంతకాలకు ఫొటో తప్పనిసరి.

అంగీకార పత్రంలో రెండు వాక్యాలు ప్రత్యేకంగా రాయించాను. ఆఫీసు హాళ్లలోని సీలింగ్ ఏ బీమ్ రక్షణలోనూ లెక్కలోకి రాదు కాబట్టి అక్కడ లైట్లు, గ్రిల్లులు యజమాని తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. కారిడార్ సీలింగ్‌లోనూ అగ్ని గోడల్లోనూ కొత్తగా ఒక్క రంధ్రం కొట్టాలన్నా ముందుగా లిఖిత అనుమతి, తరువాత నంబరు చీటీ ఉండాలి. రికార్డు గది గోడలో రెండు కేబుల్ దారులను భవిష్యత్ అవసరాల కోసం ఖాళీగానే ఉంచమని యజమాని కోరారు; వాటిని తీసి మళ్లీ పెట్టగల ఇన్‌ట్యుమెసెంట్ దిండ్లతో నింపి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ దిండ్లతో పరీక్షించిన కూర్పేనని నిర్ధారించుకున్న తరువాతే ఆ గోడకు సంతకం పెట్టాను.